పెద్దలకు ఇంగ్లీషు రాదు

మెరీబ్యాంక్‌లో మంగమ్మ ఇంట బతికున్నవాళ్ళు ముగ్గురు: తను, కూతురు ప్రేమీ, మనవరాలు కెస్సీ. పోయినవాళ్ళు ఏడుగురు. మంగమ్మకి పోయినవాళ్ళతోనే పని ఎక్కువ. బతికున్నవాళ్ళు ఆకలేస్తే ఫ్రిజ్ తెరుచుకుంటారు. పోయినవాళ్ళని మనమే పిలిచి పెట్టాలి.

దసరా రోజుల్లో వచ్చే పెరటాసి నెల ఉపవాసాలు విడిచిన ఆదివారం ఏడు అరిటాకులు పరిచి, ఎండుచేపల పులుసూ మాంసం కూరా గారెలూ వడ్డించేది. మొగుడి ఆకు పక్కన ఓ బీరు సీసా. అప్పుడు మగవాడొకడు చెంబుతో నీళ్ళు పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవాలి. పేరు పెట్టకపోతే రారు. తెలుగులో పిలవకపోయినా రారు. భీమిలి రేవులో ఓడెక్కి, సముద్రం దాటి ఈ దేశపు చెరుకుతోటల్లో కూలికి దిగిన వంశం అది. ఇంగ్లీషంటే వాళ్ళకి చెరుకు నరికించే తోట సర్దారు తిట్ల భాష. మొగుడు అప్పలసామి చనిపోయిన ఏడు, అప్పటికింకా ఇంట్లోనే ఉన్న అల్లుడు కాగితం చూసి ఇంగ్లీషులో పిలిచాడు. ఆకుల మీద ఒక్క మెతుకు కదల్లేదు. సర్దారొచ్చాడనుకుని ముసలాళ్ళు పారిపోయి ఉంటారని మంగమ్మ వారం రోజులు ఏడ్చింది. ఆ అల్లుడూ తర్వాత ఇంకొకావిడని చూసుకుని రైస్‌థార్ప్ అనే ఊరికి వెళ్ళిపోయాడు.

నల్లవాళ్ళతో సహా అందరూ మొదటిసారి ఓట్లేసిన మరుసటేడు రామమోహన్ వచ్చాడు. కాకినాడవాడు, ఇంజినీరు. ఎన్నడూ కుళాయి ఎరగని నల్లవాళ్ళ పేటలకి నీటిగొట్టాలు వేసే కంపెనీలో పని. భార్య సరోజినితో మంగమ్మ ఇంటి వెనక గదుల్లో అద్దెకి దిగాడు. అతని నోట తెలుగు వినగానే మంగమ్మ అద్దె మాట మరిచి పెద్దల మాట ఎత్తింది. ఆ ఏడు చెంబు అతనే పట్టుకుని, “ఎర్రన్న తాతగారూ, దయచేయండి” అన్నాడు. మంగమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చెరుకు నరికిన తన మామ ఎర్రన్నని బతుకంతా ఎవరూ ‘గారూ’ అన్న పాపాన పోలేదు. నవ్వి నవ్వి, అలాగే ఏడ్చింది. సాయంత్రం చూస్తే ఆకుల మీద అన్నం కాస్త జరిగినట్టే ఉంది.

రెండేళ్ళు అలా గడిచాయి. మూడో ఏడు ఆగస్టులో గొట్టాల పని ముగిసింది. జొహానెస్‌బర్గో కేప్‌టౌనో, ఏ ఊరు కావాలో శుక్రవారంలోగా చెప్పమంది కంపెనీ.

రామమోహన్ మంగమ్మ వంటింట్లోనే పీట వేసుకుని కూర్చుని ఆ సంగతి చెప్పాడు. జొహానెస్‌బర్గ్ అయితే పెద్దల్ని పిలవడానికి శనివారం రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఇక్కడుంటాడట. కేప్‌టౌన్ అయితే ఒక పగలూ ఒక రాత్రీ దారిలోనే పోతాయి. కనక జొహానెస్‌బర్గే అని చెప్పేస్తానన్నాడు. మంగమ్మ ఆ పూట పండగ లేకుండానే బూరెలు వండింది.

బూరెలు పట్టుకుని వెనక గదికి వెళ్తే సరోజిని ఇస్త్రీ చేస్తోంది. తెల్ల కోటు. హైదరాబాదులో ఆసుపత్రి ల్యాబులో తొడుక్కునేదట. ఇక్కడికొచ్చాక ఒక్కరోజూ ఒంటిమీదికి రాలేదు. కేప్‌టౌన్‌లో ఒక ల్యాబువాళ్ళు రమ్మన్నారనీ, జొహానెస్‌బర్గ్‌లో ఎవరూ బదులైనా రాయలేదనీ మామూలుగానే చెప్పింది. ఎవరిమీదా నిష్ఠూరం లేదు. ఇస్త్రీ అయ్యాక కోటు మడతపెట్టి, ట్రంకుపెట్టె అడుగున, చీరల కింద పెట్టేసింది.

మంగమ్మకి ఆ మడత కళ్ళల్లోంచి పోలేదు. బతికున్న పిల్లని పెట్టె అడుగున పెట్టి పోయినవాళ్ళకి అన్నం పెడితే, ఆ అన్నం వాళ్ళకి మాత్రం దిగుతుందా అనుకుంది.

గురువారం పొద్దున్నే రామమోహన్‌ని పిలిచింది.

“నా కోసరం ఊరు సూడొద్దు అబ్బాయ్. మార్‌బర్గ్‌లో మా మరిది ఉండాడు, జార్జ్. తెలుగు నీకన్నా బాగా మాట్లాడతాడు. ఆడొచ్చి పిలుస్తాడు.”

“మరి ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదండీ మామ్మగారూ?”

“కోపం. అన్నదమ్ముల కోపం. ఇప్పుడు పోయింది. ఫినిష్. నువ్వు పిల్లని తీసుకుని కేప్‌టౌన్ పో.”

రామమోహన్ ముఖం తేలికపడింది. ఆ తేలికపడడం మంగమ్మ చూసింది. చూడకపోయినా బాగుండేదనుకుంది.

పొయ్యి దగ్గరున్న ప్రేమీ వెనక్కి తిరిగి, ఏ జార్జ్ అని ఇంగ్లీషులో అడగబోయింది. మంగమ్మ గరిటె చూపించి, “నోర్ముయ్, కూర సూడు” అంది.

జార్జంటే కోటయ్యే. చక్కెర మిల్లు తెల్లదొర, కోటయ్య అనడానికి నోరు తిరక్క, జార్జ్ అని పేరు పెట్టాడు. అతను పోయి పదకొండేళ్ళు. అయిదో ఆకు అతనిదే. “కోటయ్య తాతగారూ” అని రామమోహనే రెండేళ్ళు నోరారా పిలిచాడు. తను పిలిచింది ఆ జార్జ్‌నే అని అతనికి తెలీదు.

సెప్టెంబరులో వాళ్ళు కేప్‌టౌన్ వెళ్ళిపోయారు.

ఉపవాసాలు విడిచిన ఆదివారం, వడ్డన సగంలో ఉండగా ఫోను మోగింది. రామమోహన్. సరోజిని పనిలో చేరిందట, కిటికీలోంచి కొండ కనిపిస్తుందట. కాసేపు ఆ కబుర్లయ్యాక, “జార్జ్‌గారు వచ్చారా మామ్మగారూ?” అన్నాడు.

మంగమ్మ అయిదో ఆకు వైపు చూసింది. “వొచ్చాడు.”

“ఒక్కసారి ఇవ్వండి, నమస్కారం చెబుతాను.”

“వొద్దబ్బాయ్. ఆకు ముందర కూకున్న మనిషిని లేపకూడదు.”

నిజమేనన్నాడు. ఫోను పెట్టేశాడు.

మంగమ్మ చెంబు తీసుకుని పెరటి గుమ్మంలోకి వెళ్ళింది. ఆ గుమ్మంలో నిలబడి పిలవడం ఆడది చేసే పని కాదు. పిలిచే మాటలు ఆమె ఎన్నడూ నేర్చుకోలేదు. ఆమెకి మిగిలిన తెలుగల్లా వంటింటి తెలుగూ, పిల్లల్ని తిట్టే తెలుగూ. దాంతోనే మొదలుపెట్టింది.

“ఎర్రన్న మామా, రా. అన్నం సల్లారిపోతంది. సిట్టెమ్మత్తా, ఎంతసేపు? ఒరే కోటిగా, కాళ్ళు కడుక్కుని రా, ఎదవా.”

అలా ఆరుగురినీ పిలిచింది. ఏడో పేరు దగ్గర నోరు ఆగిపోయింది. నలభై ఒక్కేళ్ళ కాపురంలో మొగుడి పేరు ఒక్కసారి కూడా నోట పలకలేదు. పలకకూడదని తల్లి చెప్పింది. ఆ తల్లి కూడా ఆకు ముందే ఉంది.

“ఇదిగో” అంది. మళ్ళీ, “ఇదిగో, నిన్నే” అంది. చెంబులో నీళ్ళు గుమ్మం మీద ఒలికాయి.

సాయంత్రం ఆకులు తీసేటప్పుడు ఆరింటినీ చూడకుండానే మడిచింది. ఏడోదాని ముందు చతికిలబడింది. అన్నం వడ్డించింది వడ్డించినట్టే ఉంది. బీరు చల్లదనం పోయి సీసా చుట్టూ తడి ఆరిపోయింది. కెస్సీ వచ్చి, ఇది కూడా తీసెయ్యనా గ్రానీ అని ఇంగ్లీషులో అడిగింది.

“ఉండనీ” అంది మంగమ్మ. “ఆయనెప్పుడూ లేటే.”