ఆఖరి కాపు

ఫణికుమార్‌కు కావలసింది ఒక్క దెబ్బ. మొహమాటం లేకుండా, నిజంగా తగలాలని ఎవరైనా కర్రతో కొట్టే దెబ్బ. సొసైటీ వాట్సాప్ గ్రూపులో లిఫ్టు గురించీ నీళ్ల గురించీ రోజూ కొట్టుకు చచ్చే ఈ సూరత్ అడాజన్ పేట మనుషుల మధ్య దానికింత కరువొస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు.

కరోనా వచ్చిన ఏడాది అది. సూరత్ అంతా తలుపులు వేసుకున్నా బ్యాంకు తలుపు మాత్రం తెరిచే ఉంది. అక్కడ ఆఫీసరుగా పగలంతా కుర్చీలో కూర్చోవడం, ఇంటికొచ్చి సోఫాలో కూర్చోవడం. ఒంటికి కదలిక లేక పొట్ట ముందుకొచ్చింది, దాని వెనకే షుగరూ వచ్చింది. డాక్టరు నడవమన్నాడు. పార్కులకేమో తాళాలు. అప్పుడు గుర్తొచ్చింది కర్రసాము.

జగిత్యాల పక్క పల్లెలో చిన్నప్పుడు పొద్దున్నే తాలీంకు పోయేవాడు. ఎర్రమట్టి పరిచిన ఆ పాకలో బక్కయ్య ఉస్తాద్ పిల్లలను జోడీలుగా నిలబెట్టి సాము నేర్పేవాడు. కొట్టేది దెబ్బ, దాన్ని కర్రతో ఆపుకునేది కాపు. ప్రతి దెబ్బకూ ఒక కాపు ఉంటుంది. అదే సాము.

పెళ్లిళ్లు లేక మండపాల వాళ్ల దగ్గర వెదురు గుట్టలుగా పడి ఉంది. కనుబొమల ఎత్తుకు రెండు కర్రలు కోయించి తెచ్చుకుని, పొద్దున్నే టెర్రస్ ఎక్కడం మొదలుపెట్టాడు ఫణికుమార్. మొదట్లో నాలుగు తిప్పులకే ఊపిరి ఎగపోసేది. తర్వాత్తర్వాత ప్యాంటు వదులైంది, షుగరు దిగింది, నడకలో కాస్త పొగరు కూడా వచ్చింది.

శ్రావణంలో ఊరి నుంచి ఫోను. ఉస్తాద్ పోయాడు, కరోనాతోనే. పోయి చూసే వీలు ఊళ్లో వాళ్లకే లేదు, ఇక సూరత్ నుంచి ఇతనెక్కడ పోతాడు. ఆ సాయంత్రం కర్ర పట్టుకుని టెర్రస్ ఎక్కి, ఆయన నేర్పినదంతా మొదటి నుంచి ఆడుకుంటూ వచ్చాడు. చివర్న ఆగిపోయాడు. ఆఖరి కాపు రాలేదు. దెబ్బ ఎడమ పక్కటెముకల మీదికి వస్తుందని తెలుసు. కర్ర వీపు వెనకనుంచి తిరిగొచ్చి దాన్ని ఆపాలని తెలుసు. మధ్యలో మణికట్టు ఏం చేస్తుందో తెలియదు. మళ్లీ ఆడాడు, మళ్లీ అక్కడే ఆగింది. ఉస్తాద్ చేతిలో పెట్టిపోయిన వస్తువును ఎక్కడో జారవిడుచుకున్నట్టు అనిపించి అన్నం సయించలేదు.

చిన్నప్పటి జోడీ బ్రహ్మచారికి ఫోను చేశాడు. అతను ఊళ్లోనే వడ్రంగం చేసుకుంటున్నాడు.

“ఆఖరి కాపు ఎట్లరా? జర చెప్పు.”

“నోటితోని చెప్పేదైతే ఉస్తాదే చెప్పేటోడు గదా. నాకు యాదికుంటదా ఏంది, చేతికి యాదికుంటది.”

“నా చేతికి యాదికి వస్తలేదు.”

“ఎట్లొస్తది? ఒక్కనివే గాలిని కొట్టుకుంట తిరిగితె వస్తదా? ఎవ్వన్నన్న ఎదురుంగ నిలవెట్టి గట్టిగ కొట్టమను. భయానికి చెయ్యే పోతది.”

“ఇక్కడెవరు కొడ్తరురా నన్ను?”

“బ్యాంకోనివి. లోన్ ఇయ్యనని చెప్పు, లైన్ కడ్తరు.”

ఎగతాళికి అన్నా, ఎదురుగా కొట్టే మనిషి కావాలన్న మాట నిజమని తోచింది. సరిగ్గా ఆ రోజుల్లోనే సొసైటీ సెక్రటరీ కీర్తిభాయ్ టెర్రస్ మీద నీళ్ల ట్యాంకు చూడడానికి వచ్చి ఇతని సాము చూశాడు. చీరల వ్యాపారి, మంచి మనిషి. “ఫణిభాయ్, పొట్ట ఏమైంది?” అని ఆశ్చర్యపోయాడు. “మాకూ నేర్పించండి. జిమ్ములు లేవు, ఏమీ లేవు. ఫిట్‌నెస్ అవుతుంది.”

ఫణికుమార్‌కు దేవుడే పంపినట్టయింది. వారం తిరక్కుండా మాస్కులు కట్టుకుని పైకి వచ్చిన ఆడా మగా ఇరవైమందికి తగ్గలేదు. వెదురు అందరికీ దొరికింది. కూలింగ్ గ్లాసులు పెట్టుకొచ్చిన వాళ్లూ ఉన్నారు.

నిలబడడం నేర్చుకున్నారు. కర్ర తిప్పడం అతను ఊహించినదానికన్నా తొందరగా నేర్చుకున్నారు. చిక్కల్లా జోడీలు కట్టాకే మొదలైంది. ఫణికుమార్ కీర్తిభాయ్ ముందు నిలబడి, ఎడమ పక్కటెముకలు చూపించి, “ఇక్కడ కొట్టండి” అన్నాడు. కీర్తిభాయ్ కర్ర పైకెత్తాడు. దించేసరికి అందులో దెబ్బ లేదు. కర్రకు కర్రను టక్కుమని ముద్దుగా తాకించి, నవ్వి, పక్కకు జరిగి తర్వాతి మనిషి ముందుకు పోయాడు. అతని వెనకనుంచి ఇంకొకావిడ వచ్చి ఫణికుమార్ కర్రకు టక్కుమనిపించి తనూ నవ్వి జరిగిపోయింది.

“జరగొద్దు. నిలబడి కొట్టాలి,” అన్నాడు ఫణికుమార్.

“హా, హా,” అన్నారందరూ. అని జరిగారు.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నవరాత్రుల్లో కోలలు పట్టిన చేతులవి. కర్ర దొరికితే తాళం వేస్తాయి, తగిలితే మొహం నవ్వుతుంది, నవ్వగానే కాలు పక్క జోడీకి జరుగుతుంది. బక్కయ్య ఉస్తాద్ లేచొచ్చి బెత్తం పట్టుకున్నా ఆ కాళ్లను ఆపలేడు. ఫణికుమార్ అరిచాడు, బతిమాలాడు, సుద్దముక్కతో గుండ్రాలు గీసి ఒక్కొక్కరినీ ఒక్కొక్క గుండ్రంలో నిలబెట్టాడు. గుండ్రం నుంచి గుండ్రానికి ఇంకా ముచ్చటగా జరిగారు.

“డాడీ, యే తో దాండియా హో గయా,” అంది కూతురు అక్షర, ఆన్‌లైన్ క్లాసు ఎగ్గొట్టి పైకొచ్చి చూసి. “సాము దాండియా అయిపోయింది, మీకే తెలుస్తలేదా?”

తెలుస్తూనే ఉంది. కీర్తిభాయ్‌ను పక్కకు పిలిచి, “ఒక్కసారి నిజంగా కొట్టండి, మీకు పుణ్యముంటుంది,” అని బతిమాలాడు. కీర్తిభాయ్ బిక్కమొహం వేశాడు. “మీరు నా బ్యాంకు మనిషి, నా పొరుగు మనిషి. ఎట్లా కొట్టను?”

ఆశ్వయుజం వచ్చింది. ఆ ఏడు గర్బా ఆటలు ఎక్కడా వద్దని సర్కారు ఆర్డరు. పాడ్యమి సాయంత్రం క్లాసుకు జనం రెట్టింపయ్యారు. ఆడవాళ్లు గర్బాకు కట్టే చనియాచోళీలు కట్టుకొచ్చారు. ఎవరో ఫోనుకు చిన్న స్పీకరు తగిలించారు. ఫణికుమార్ “కాపు, కాపు” అని గొంతు చించుకుంటుంటే ఆ కేకనూ తాళంలో కలిపేసుకుని గుండ్రంగా తిరిగారు. ఎదురు బిల్డింగు వాళ్లు ఫోను చేసినట్టున్నారు, పోలీసులు వచ్చారు. “గర్బా ఎవరు పెట్టించారు?” అంటే, అందరూ ఎంతో గౌరవంగా ఫణికుమార్ వైపు చూశారు.

హెచ్చరించి వదిలేశారు. టెర్రస్‌కు తాళం పడింది. బట్టలు ఆరేసుకోవడానికి మాత్రం పొద్దున ఒక గంట ఆడవాళ్లకు తాళంచెవి ఇస్తారు.

ఇదంతా అతని భార్య మీనాక్షి నెత్తిన పడింది. టెర్రస్ మూతపడ్డందుకు సొసైటీ ఆడవాళ్లంతా ఆమెకే ఫోన్లు చేశారు. అసలే మార్చి నుంచి పనిమనిషిని గేటు లోపలికి రానివ్వడం లేదు. మూడు పూటలా వంట, అంట్లు, గుడ్డలు. ఫణికుమార్ తాగిన టీ గ్లాసు సోఫా చేతి మీదే పెట్టి లేచిపోతాడు. అది ఎండి ఈగలు ముసిరాక ఆమే తీస్తుంది.

మర్నాడు ఆమె బకెట్టుతో బయల్దేరితే, “నేను మోస్త,” అని అతను వెంటపడ్డాడు. ఎప్పుడూ లేనిది ఈ ప్రేమేమిటని ఆమెకు అనుమానం వచ్చింది. పైకెళ్లాక బకెట్టు దింపి, ట్యాంకు వెనక దాచిన కర్రలు తీశాడు.

“గిందుకా?” అంది మీనాక్షి.

“పది నిమిషాలే. నువ్వు ఆరెయ్యి.”

ఆమె ఉతికిన దుప్పటి పిండి, దండెం మీద పరిచింది. అతను కర్ర తిప్పుతూ వెనక్కి వచ్చాడు. ఆఖరి కాపు దగ్గర మణికట్టు మళ్లీ మొద్దుబారింది, విసుగ్గా విసిరాడు. కర్ర దండేనికి తగిలింది. దుప్పటి జారి టెర్రస్ దుమ్ములో పడింది.

మీనాక్షి దుప్పటి వంక చూసింది. వంగి రెండో కర్ర అందుకుంది.

“మీకు షుగరంటే నేను ఉప్మల నూనె తగ్గిస్తి. పోలీసులొస్తె ఇంటింటికి నేను మాఫీ చెప్తి. ఒక్కనాడన్న గ్లాసు కడిగినరా? కడగకున్న మానె, సింకుల ఏసినరా?”

అని కొట్టింది. కోలల దెబ్బ కాదు. ఎడమ పక్కటెముకల మీదికి, ఆర్నెల్ల అంట్లన్నీ కలిపి కొట్టిన దెబ్బ.

ఫణికుమార్‌కు భయం వేసింది. కళ్లు మూసుకున్నాడు. వీపు వెనక ఏదో గిర్రున తిరిగింది, రెండు కర్రలు ఫట్‌మని కలుసుకున్నాయి. కళ్లు తెరిచేసరికి అతని కర్ర పక్కటెముకలకు అడ్డంగా నిలబడి ఉంది. పాకలో ఉస్తాద్ ఎదుట నిలిచినట్టే.

“వచ్చింది,” అన్నాడు. “మీనా, వచ్చిందే. ఎట్లొచ్చింది? చూసినవా?”

“నేనెందుకు చూస్త? కొడ్తున్న.”

“నేను కండ్లు మూస్కున్న. మళ్లొకసారి కొట్టు. గట్లనే కొట్టు.”

ఆమె కర్రను ట్యాంకుకు ఆనించింది. మొహం తేటపడి ఉంది, ఎన్నో నెలల తర్వాత. “ఇప్పుడు రాదు. కోపం అయిపోయింది,” అని దుప్పటి దులుపుకుంటూ కిందికి పోయింది.

తెల్లారి ఫణికుమార్ టీ తాగి, గ్లాసును సోఫా చేతి మీద జాగ్రత్తగా పెట్టాడు. అడుగున కాస్త టీ కూడా మిగిల్చాడు. బకెట్టు తనే మోసి పైకి తీసుకెళ్లి, ఎడమ పక్క కాపు లేకుండా వదిలి, ఈసారి కళ్లు పెద్దవిగా చేసుకుని నిలబడ్డాడు.

మీనాక్షి గ్లాసు చూసే వచ్చింది. ఎందుకు పెట్టాడో కూడా ఆమెకు తెలిసిపోయింది. కర్ర అందుకుంది, పైకెత్తింది. అతని కర్రకు టక్కుమని ముద్దుగా తాకించి, అచ్చం కీర్తిభాయ్‌లాగే నవ్వి, దండెం వైపు జరిగిపోయింది.