నవాబు ముద్ద ముట్టడు

ఉడికిన గుడ్డు చిదిమి కలిపిన మెత్తటి అన్నం వైపు కుక్కపిల్ల నవాబు ఒకసారి చూసి, మొహం గోడవైపు తిప్పుకుంది. ఆ మాత్రానికే దానికి ఆయాసం వచ్చింది.

సుమన గిన్నె పట్టుకుని దాని ముందు గొంతుక్కూర్చుంది. పొద్దున పెరుగన్నం వద్దంది. నిన్న మేక కలేజా ఉడికించి పెడితే వాసన చూసి తుమ్మింది. మొన్న కోడి బొక్కలు ఉడికించిన నీళ్లు. ఇన్నేళ్ల కాపురంలో మొగుడికి ఇన్ని రకాలు వండిన పాపాన పోలేదామె. ఆ మాట అన్నది మొగుడే, తలుపు దగ్గర నిలబడి.

"ఆ గుడ్డు దానికొద్దంటే నాకు పెట్టరాదు."

"మీరెన్నడన్న వద్దన్నరా? ఒక్కసారి వద్దనుండ్రి, మీకూ తీరొక్కటి చేస్త."

రఘుపతి తహసీల్ ఆఫీసులో గుమాస్తా. సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి ఉంటే ఇంట్లో, లేకుంటే రాందాస్ చౌరస్తాలో వేసిన టెంటులో. బస్సులు లేవు, బడులు లేవు, కరెంటు దాని ఇష్టం. తెలంగాణ వచ్చేదాకా అందరూ అన్నీ ఆపేశారు. కుక్కపిల్ల తినడం ఆపేసింది.

దాని తల్లిని రామాయంపేట రోడ్డు మీద లారీ కొట్టింది. పక్కింటి రాహేలు ఆ కుక్కపిల్లల్ని తలా ఒకరికి పంచి, అందరూ వద్దన్న ఈ చివరిదాన్ని సుమన ఒళ్లో వేసింది. పంచినవాటిలో రెండు, వాంతులూ నెత్తుటి విరేచనాలూ పట్టుకుని అప్పుడే పోయాయి. ఆ రోగం ఇప్పుడు వెనక గల్లీలో ఉంది.

పశువుల డాక్టరు ఇంద్రకరణ్ కూడా సమ్మెలోనే ఉన్నాడు. సుమన నవాబును బుట్టలో వేసుకుని టెంటుకే పోయి ఆయన ముందు దించింది.

"సార్, మీరు సమ్మె చేస్తున్నరు, సరే. ఇది ఎందుకు చేస్తున్నట్టు?"

డాక్టరు నవ్వాడు. పక్కటెముకల మీద చెయ్యి పెట్టాక నవ్వు ఆపాడు. నోరు తెరిచి చూశాడు, కడుపు నొక్కి చూశాడు.

"కడుపుల పురుగులకు నట్టల మందు వేసిన్రా?"

"మీరిచ్చిందే వేసిన."

"జ్వరం లేదు, నోట్ల పుండ్లు లేవు. దీనికి రోగం లేదమ్మా, తిండి లేదు. గా రోగం రాకుంట వేసే సూది ఒకటి ఐసు డబ్బల దాచిపెట్టిన. కాని గిట్ల బొక్కల గూడుకు వేస్తే పట్టదు. జర కండ రానియ్యుండ్రి."

"ఎన్ని రోజుల్ల?"

"నా చేతిల ఏముంది? రోగం మీ గల్లీకి వచ్చేలోపల."

తిరుగు దారిలో గాలయ్య కిరాణం ముందు ఆగింది. గాలయ్య తరాజు పళ్లెంలోంచి ఉల్లిగడ్డలు తీసి, పాత పేపరు పరిచి, నవాబును కూర్చోబెట్టాడు. తూకం బాట్లు మార్చి మార్చి వేసి ముల్లు చూశాడు. ముల్లు నిలిచాక పళ్లెం వేలితో తట్టి మళ్లీ చూశాడు. 

"తగ్గిందా?"

"తరాజు తప్పు చూపుతదమ్మా అప్పుడప్పుడు."

"పోయిన వారం జోకింది గూడ దీంట్లనే గద."

"గప్పుడు గూడ తప్పే చూపిచ్చి ఉంటది."

తన తరాజు తప్పని గాలయ్య తన నోటితో అన్నాడంటే, సంగతి ఎంత దూరం వచ్చిందో సుమనకు తెలిసిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆమె నవాబు దవడలు తెరిచి చెంచాతో అన్నం తోసింది. అది గుటకలు మింగి, కళ్లు తేలేసి, తిన్నదంతా ఆమె చీర మీదే కక్కింది. "తినరా, నీ కాళ్లు మొక్కుత" అంది సుమన, నిజంగానే దాని ముందరి కాళ్లు పట్టుకుని. అవి అగ్గిపుల్లల్లా ఉన్నాయి. అత్త కిష్టవ్వ అప్పటికే ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో వేసి చూసింది. అందరూ దగ్గారు, నవాబు కూడా దగ్గింది, తినలేదు.

"పోయేదాన్ని పోనియ్యి బిడ్డా. గోస పెట్టకు" అంది కిష్టవ్వ.

సుమన తడిగుడ్డతో దాని మూతి తుడిచింది. అందరి భోజనాలూ అయ్యాక, ఎప్పటిలాగే వంటింట్లో నిలబడి, గిన్నె అడుగున ఉన్నది ఎంగిలి పడి, సగంలోనే చెయ్యి కడుక్కుంది.

మర్నాడు చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, గుండిగల్లో వండి, అక్కడే బంతులు తీరి తినాలని పిలుపు. గల్లీ ఆడవాళ్లంతా బయల్దేరారు. రానంటే ఉద్యమ ద్రోహం. నవాబును ఒంటరిగా వదిలితే ఆ ఒక్క గంటలోనే పోతుందేమోనని ఆమె భయం. బుట్టతో సహా వెళ్లింది. తారు మీద పరిచిన పట్టాల మీద, రాహేలు పక్కన కూర్చుని, నవాబును ఒళ్లో పెట్టుకుంది.

విస్తట్లో అన్నం పడింది. పప్పు బకెట్టు ఇంకా ఆ చివరే ఉంది. సుమన పొద్దుటి నుంచీ మంచినీళ్లు తప్ప ముట్టలేదు. ఆగలేక ఉత్త అన్నమే ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది.

ఒళ్లో కదలిక. నవాబు తల ఎత్తి ఆమె నోటివంక చూసింది. ముందరి కాళ్లు విస్తరి మీద వేసి, చివర ఉన్న మెతుకులు నాకింది. ఆ తర్వాత మూతి పెట్టి, గుర్రుమంటూ తినడం మొదలుపెట్టింది.

సుమన చెయ్యి గాల్లోనే ఆగింది. నవాబూ ఆగి, తల ఎత్తి చూసింది.

"అక్కా, తింటుంది" అంది రాహేలు గుసగుసగా.

"చప్పుడు చెయ్యకు."

డిగ్రీలో ఆమెది బీఎస్సీ. ఒకసారి జరిగినదాన్ని నమ్మొద్దని అక్కడ నేర్పారు. ఇంకో ముద్ద తింది. నవాబు తింది. ఆపింది. నవాబు ఆపింది. పప్పు బకెట్టు వస్తే చెయ్యి అడ్డం పెట్టి ఉత్త అన్నమే మారు అడిగింది. వడ్డించే కుర్రవాడు ఈమె ఏదో ఉపవాస దీక్షలో ఉందనుకుని రెండు చేతులూ జోడించాడు.

కలేజా వద్దన్న మూతి, రోడ్డు మీది ఉత్త మెతుకులకు లొంగింది. ఆమెకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఇన్నాళ్లూ ఒక్కదాని ముందు గిన్నె పెట్టి, తాను తినకుండా చూస్తూ కూర్చుంది. తోబుట్టువుల మూతుల నడుమ తోసుకుని తిన్న పిల్లకు, ఎదుట ఎవరూ తినని తిండి తిండిలా కనిపించలేదు. సుమన తినడం అది ఒక్కనాడూ చూడలేదు. అది నిద్రపోయాకే కదా ఆమె తినేది.

ఆ రోజు నుంచి పూటపూటకూ దానికి గుడ్డన్నమో కలేజా అన్నమో గిన్నెలో పెట్టి, పక్కనే తన కంచం పెట్టుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తాను లేచేటప్పుడు దాని గిన్నె కూడా తీసేసేది. నడుమ నడుమ బిస్కెట్టు ముక్కలు వేసే చేతుల్ని చూపుతోనే ఆపింది. నవాబుకు రోజూ నాలుగు పూటలు. కనుక సుమనకూ నాలుగు పూటలు.

"పెనిమిటి తినకముందే నాలుగుమాట్లు తింటున్నవ్. ఏం కాలమొచ్చిందే" అంది కిష్టవ్వ.

"నేనెక్కడ తింటున్న అత్తమ్మా? దానికి తినిపిస్తున్న."

ఇంతలో గాలయ్య కొట్టు ముందు పడుకునే నల్లకుక్క రెండు రోజులు రక్తం పోయి చచ్చిపోయింది. రోగం గల్లీకి వచ్చేసింది. అయినా సుమన పూట తప్పలేదు. ఆమె ముద్ద ఆపితే అది ఆపుతుంది. కడుపు నిండిపోయి, వాంతి వచ్చేటట్టున్నా, నవ్వుమొహంతో నమిలింది.

తరాజు ముల్లు నవాబు వైపు వాలిన రోజు గాలయ్య దగ్గర చిల్లర కూడా తీసుకోకుండా పరిగెత్తింది. టెంటు వెనక, ఐసు డబ్బా పక్కన, డాక్టరు నవాబు మెడ మీది చర్మం పట్టి చూశాడు. ఈసారి చేతికి కొంచెం కండ అందింది. సూది వేశాడు.

"ఇప్పుడే ధీమా వద్దమ్మా. ఇది పట్టనీకె రోజులు పడ్తది, ఇంకోటి గూడ వెయ్యాలె. గడప దాటనియ్యకుండ్రి. తిండి మాత్రం తగ్గొద్దు."

ఆ సాయంత్రమే నవాబు ముడుచుకుని పడుకుంది. గిన్నె పెడితే కళ్లు కూడా తెరవలేదు. సుమన కంచం ముందు కూర్చుని తింది, మళ్లీ పెట్టుకుని తింది. అది కదల్లేదు. మూడోసారి చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. కళ్ల నీళ్లు అన్నంలో పడ్డాయి.

"జరుగు" అంది కిష్టవ్వ. తన కంచం తెచ్చుకుని కోడలి పక్కన చతికిలబడింది. "నువ్వు తింటున్నట్టు లేదు, శిక్ష అనుభవిస్తున్నట్టుంది. అట్ల తింటే నాకే తినబుద్ధి కాదు. జర చప్పుడు చేసుకుంట తినాలె." చప్పుడు చేస్తూ తినసాగింది.

రఘుపతి టెంటు నుంచి వచ్చి చెప్పులు విడిచాడు. "నాకెవరు వడ్డిస్తరు?"

"గిన్నెలు ఆడ్నే ఉన్నయ్ కొడుకా. పెట్టుకొని ఇటొచ్చి కూసో. దానికి కనపడేటట్టు తిను."

అతను తల్లినీ, పెళ్లాన్నీ, కుక్కపిల్లనూ చూసి, వడ్డించుకుని వచ్చి కూర్చున్నాడు. ముగ్గురూ ఒక కుక్కపిల్ల చుట్టూ కూర్చుని తిన్నారు. చాలాసేపటికి నవాబు ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది. వణుకుతూ లేచి, గిన్నె దాకా నడిచి, మూతి పెట్టింది.

రఘుపతి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. "కూరల ఉప్పు లేదు" అన్నాడు మెల్లగా.

ఎవరూ లేవలేదు. నవాబు గిన్నెలో ఇంకా సగం అన్నం ఉంది. సుమన కళ్లతోనే సైగ చేసింది, తినమని. అతను చప్పటి కూరతోనే ఇంకో ముద్ద కలుపుకున్నాడు.