ఊదకుండా వదిలేసిన వేలు

పొద్దున్నే కుట్టుమిషన్‌కి నూనె వేసి దర్జీ ఆవిడ తలుపు తీసేది. అప్పటికే మెట్ల మీద నలుగురైదుగురు చేతులు చంకల్లో దూర్చుకుని కూర్చునుండేవాళ్లు. కోల్డ్ స్టోరేజీలో చేపల పెట్టెలు మోసేవాళ్లు. చలికి వేళ్లు నీలంగా మారి, చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోయేవాళ్లు. ఆవిడ ఒక్కో వేలి మీదా ఊదేది. బిగుసుకున్న రక్తనాళాలు వదులై వేలు ఎర్రబడేది. మందులకి లొంగనివాళ్లని వీధి చివరి డాక్టరమ్మే ఇటు పంపేది.

"అందరి ఒంట్లోనూ ఉండేదే" అంది డాక్టరమ్మ ఓసారి కోటు కొలతలిస్తూ. "పాత రక్తకణాలు చితికినప్పుడు కాస్త కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. నాళాల్ని బిగుసుకోనివ్వదు. నీ ఊపిరిలో కొంచెం ఎక్కువుంది, అంతే."

ఆవిడ చేతిలో టేపు ఆగింది. "మా ఆయన్ని చంపిందీ అదేగా?"

"అదే. ఒంట్లో పుట్టేది చిటికెడు. ఆ రోజు బాయిలర్ గదంతా నిండిపోయింది."

వేడి బయటికి పోతోందని, ఆయన పనిచేసే మిల్లులో బాయిలర్ పొగగొట్టం మూయించింది సూపర్‌వైజరే. విచారణలో మాత్రం ఆవిడ మొహం మీదికి వేలు చూపించి, "ఈవిడ మొగుడే నిద్రపోయాడు. తప్పంతా అతనిదే" అన్నాడు. అందరూ నమ్మారు.

అతనే ఓ పొద్దున మెట్లెక్కి వచ్చాడు. మిల్లు మూతపడ్డాక కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్‌గా చేరాడట. కుడిచేతి వేళ్లు నల్లబడుతున్నాయి.

"పాతవి మనసులో పెట్టుకోకు చెల్లెమ్మా. కోసెయ్యాలంటున్నారు."

ఆవిడ బొటనవేలి మీద ఊదింది. తర్వాత మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు. నాలుగూ ఎర్రబడ్డాయి. అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చూపుడు వేలు మర్చిపోయావమ్మా."

"మర్చిపోలేదు. వదిలేశాను."

"ఇదేం చేసింది?"

"చచ్చినవాడి మీద అబద్ధం చెప్పింది."

అతను వరసలో ఉన్నవాళ్లందరి ముందూ బావురుమన్నాడు. "గొట్టం నేనే మూయించాను. నిజం చెప్పేశానుగా, ఇప్పుడైనా ఊదమ్మా!"

"నిజం నాకెప్పుడో తెలుసు. లే, వెనక జనం ఉన్నారు."

వేలు తీసేశారని విన్నరోజు ఆవిడ కడుపునిండా తింది. జాలి పడదామని కాసేపు చూసింది, రాలేదు.

ఆ తర్వాత అతను పనివాళ్లలో ఎవరి మీద తప్పు నెట్టాలన్నా గడ్డం ఎగరేసి చూపించాల్సొచ్చేది. వాళ్లు పెట్టెలు దించి, ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్లు.

"ఎవరు సార్?"