గాల్లో ఆగిన అత్తయ్య

మెమరీ కార్డుల విషయంలో నాతో ఎవరైనా వాదనకి దిగితే ఒంటికాలి మీద లేస్తాను. కెమెరా తయారుచేసిన కంపెనీయే తన పేరుతో కార్డులు కూడా అమ్ముతుంది. ఆ ఒక్క కార్డు ధరకి బయటి కంపెనీల కార్డులు నాలుగొస్తాయి. లోపలుండే సరుకు ఒకటే, పైన అంటించిన కాగితమే వేరు, ఆ కాగితానికి అంత పొయ్యడానికి నాకేమీ డబ్బులు చెట్టుకి కాయడం లేదని తోటి కెమెరామెన్లందరికీ ఉపన్యాసాలిచ్చేవాణ్ణి.

చవక కార్డు పెట్టగానే కెమెరా తెర మీద ఒక హెచ్చరిక వస్తుంది. ఈ కార్డు మేము పరీక్షించినది కాదు, రికార్డింగు మధ్యలో ఆగిపోవచ్చు అని. దాని కింద ‘సరే’ అని ఒక గడి. రెండేళ్ళలో ఆ గడిని కొన్ని వందలసార్లు నొక్కి ఉంటాను. చివరికి చదవడం కూడా మానేశాను. నేను వేరే ఏదో ఆలోచిస్తుంటే బొటనవేలే వెళ్ళి నొక్కి వచ్చేది. ఇంటర్వ్యూలు, నాటకాలు, కాలేజీ సభలు, అన్నీ వాటి మీదే తీశాను. ఒక్కటంటే ఒక్కటీ పోలేదు.

మా అత్తయ్య, అంటే మా ఆవిడ తల్లి, ఈత కొలనులో డైవింగ్ నేర్పిస్తుంది. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుంటుంది కాబట్టి అక్కడ ఆవిడ అందరికీ విజిలమ్మ. కొలనుకి ఒక చివర రెండంతస్తుల ఎత్తున కాంక్రీటు గట్టు ఒకటుంది. దాన్ని మేడ అంటారు. మేడ మీంచి తలకిందులుగా దూకి, నీళ్ళు చిందకుండా సూదిలా దిగిపోవడం ఆవిడ ఎరిగిన విద్య.

ఇరవై ఏళ్ళ వయసులో, ఎంపిక పోటీల్లో ఆవిడకి జట్టులో చోటు అర మార్కుతో పోయింది. నీళ్ళలోకి దిగే క్షణంలో పాదాలు విడిపోయాయని జడ్జి రాశాడు. విడిపోలేదని ఆవిడ అంది. చూసిన గురువూ, స్నేహితురాళ్ళూ, తర్వాత కట్టుకున్న మా మామగారూ జడ్జికి కళ్ళు లేవన్నారు. వీడియో తీసినవాళ్ళెవరూ లేరు. కొన్నాళ్ళకే భుజం దెబ్బతిని దూకడం ఆపేసి, నేర్పడం మొదలుపెట్టింది. కొన్ని వేలమంది దూకడం చూసిన మనిషి, తను దూకడం మాత్రం ఒక్కసారి కూడా చూసుకోలేదు.

ఈ ఏడు మేడ తీసేసి చిన్నపిల్లలకి లోతు తక్కువ కొలను కట్టాలని కమిటీ తీర్మానించింది. సోమవారం నుంచి పగలగొడతారు. ఆ కబురు తెలిసిన రోజే అత్తయ్య మా ఇంటికొచ్చింది. మంచినీళ్ళు కూడా తాగకుండా విషయంలోకి దిగింది.

“అల్లుడూ, నేనొక్కసారి దూకుతాను. నెమ్మదిగా కనబడేట్టు తియ్యి. నా పాదాలు నేను చూసుకోవాలి.”

ఇప్పుడు దూకితే నలభై ఏళ్ళ కిందటి సంగతి ఎలా తెలుస్తుందని అడిగాను. ఒంటికి పట్టిన అలవాటు మారదట. అప్పుడు విడిపోయి ఉంటే ఇప్పుడూ విడిపోతాయట. డాక్టరు ముందు కేకలేసి, తర్వాత బతిమాలించుకుని, చివరికి ఒక్కసారికి ఒప్పుకున్నాడు. రెండోసారి దూకితే ఆ చెయ్యి మళ్ళీ పైకి లేవదని చెప్పాడు. నేను తియ్యాల్సింది ఆ ఒక్కసారే.

శనివారం పొద్దున్న నేనూ మా ఆవిడా కొలనుకి వెళ్ళాం. ఎవరో ఒకరు దూకి చూపిస్తే తప్ప కెమెరా ఎక్కడ పెట్టాలో, ఏ క్షణానికి మీట నొక్కాలో తెలియదు. అత్తయ్య సాయంత్రం గాని రాదు. మా ఆవిడ బడిలో సైన్సు టీచరు. పందొమ్మిదో ఏడు దాకా తల్లి దగ్గర డైవింగ్ నేర్చుకుని మానేసింది. ఎందుకు మానేశావని పెళ్ళయిన కొత్తలో అడిగితే ఒక్కసారే చెప్పింది. పదేళ్ళపాటు, నీళ్ళలోంచి తల పైకెత్తిన ప్రతిసారీ అమ్మ ముఖం వైపు చూసేదట. ప్రతిసారీ ఒకే మాట వినబడేదట, “కాళ్ళు” అని. ‘బాగుంది’ అన్న మాట వినకుండానే ఒకరోజు తువ్వాలు మడతపెట్టి, రేపట్నుంచి రానని చెప్పేసింది. ఆ తర్వాత తల్లీకూతుళ్ళు లోకంలోని సంగతులన్నీ మాట్లాడుకున్నారు, ఆ ఒక్కటి తప్ప.

ఆ పొద్దున్న తల్లి బీరువాలోని నల్లటి ఈత దుస్తులు వేసుకుని మేడెక్కింది. ఇద్దరిదీ ఒకే కొలత, ఒకరి బట్టలు ఒకరికి అతికినట్టు సరిపోతాయి. కొలనుకి అవతలి గోడ మొత్తం గరుకు అద్దం. దాంట్లోంచి పాలు కలిపినట్టు ఒకే రకం వెలుతురు వస్తుంది. ఆ వెలుతురులో మనుషులకి ముఖాలుండవు, ఆకారాలే ఉంటాయి. మా ఆవిడ అంచున నిలబడింది. ఇలా నిలబడిందో లేదో, అలా లేచి వంగి దిగిపోయింది. నీళ్ళు ఒక్కసారి నోరు తెరిచి మూసుకున్నాయి. పదిహేనేళ్ళుగా నాతో కాపురం చేస్తున్న మనిషిలో ఇదంతా ఎక్కడ దాగుందో నాకు అర్థం కాలేదు. పైకి తేలాక, అమ్మకి చెప్పొద్దని మాత్రం అంది.

ఆ పరీక్ష నా దగ్గరున్న ఒకే ఒక్క కంపెనీ కార్డు మీద తీశాను. నెమ్మదిగా కనబడాలంటే కెమెరా సెకనుకి మామూలుకంటే పదింతల బొమ్మలు తియ్యాలి, కార్డు వాటన్నిటినీ అదే వేగంతో మింగాలి. ఇంకా కొలనునీ, నీళ్ళ మీది మెరుపునీ, మెట్లనీ తీసేసరికి ఆ కార్డు నిండిపోయింది. మా పనిలో ఒక నియమముంది, తీసినదాన్ని రెండు చోట్ల కాపీ చేసేదాకా కార్డు చెరపకూడదు. ఈ నియమం తప్పినవాళ్ళని నేను మనుషుల్లో జమకట్టను. సాయంత్రం అత్తయ్య వచ్చేసరికి కాపీ ఒక చోటే పడింది. అందుకని కంపెనీ కార్డుని భద్రంగా జేబులో వేసుకుని, చవక కార్డు తీసి కెమెరాలో పెట్టాను. తెర మీద హెచ్చరిక వచ్చింది. బొటనవేలు వెళ్ళి నొక్కి వచ్చింది.

అత్తయ్య మేడ అంచుకొచ్చి నిలబడగానే రికార్డింగు మొదలుపెట్టాను. ఆవిడ వెంటనే దూకుతుందనుకున్నాను. దూకలేదు. చేతులు పైకెత్తి అలాగే నిలబడింది. మేం ముగ్గురం తప్ప కొలను దగ్గర ఇంకెవరూ లేరు. ఎక్కడో ఒక పంపు గురగురమంటోంది. అద్దం వెలుతురులో ఆవిడ వయసు కరిగిపోయి, ఇరవై ఏళ్ళ పిల్లలా, ఇంకా పుట్టని పిల్లలా కూడా కనబడింది. ఆ నిమిషంలో నాకు కెమెరా గుర్తులేదు, కార్డు గుర్తులేదు. ఆవిడ దేనితోనో మాట్లాడుకుంటోందనిపించింది. అప్పుడు లేచింది.

నీళ్ళు చప్పుడు చేశాయి. తల పైకెత్తి, జుట్టు వెనక్కి తోసుకుంటూ, “వచ్చిందా?” అంది.

తెర మీద ఎర్ర అక్షరాలున్నాయి, కార్డు వేగం చాలలేదు, రికార్డింగు ఆగింది అని.

“వచ్చింది అత్తయ్యా,” అన్నాను.

మా ఆవిడ కొలను అంచున నీళ్ళకి ఆనుకుని కూచుని ఉంది. నా వైపు చూడలేదు, తల్లినే చూస్తోంది.

ఆదివారం పొద్దున్న ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని చూశాను. అత్తయ్య అంచున నిలబడ్డ ఆ నిమిషాన్ని కార్డు ఎంత బరువుతో మోసిందో, చివరికి ఎక్కడ మోయలేక చేతులెత్తేసిందో చూశాను. ఆవిడ లేచింది, గాల్లో తిరిగింది, తలకిందులైంది, చాచిన వేళ్ళు నీళ్ళకి జానెడు దూరంలో ఉండగా బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ వేసినా అంతే. ఎన్నిసార్లు వేసినా మా అత్తయ్య ఆ పాలవెలుతురులో తలకిందులుగా వేలాడుతూనే ఉంది, నీళ్ళలోకి మాత్రం దిగదు. నా మీద నాకే అరికాలి మంట నెత్తికెక్కింది. అంత భుజం నొప్పిని ఓర్చుకుని దూకిన మనిషికి నేనిచ్చింది ఇదా అని తిట్టుకున్నాను.

అప్పుడు చెయ్యకూడని పని చేశాను. అత్తయ్య ఆగిపోయిన చోట, శనివారం పొద్దున్న మా ఆవిడ దిగిన ముక్క అతికించాను. అదే దుస్తులు, అదే కొలత, ముఖం లేని అదే ఆకారం. రంగు కొంచెం సరిచేశాక అతుకు ఎక్కడుందో నాకే కనబడలేదు. వెనక నిలబడి ఎప్పట్నుంచి చూస్తోందో, మా ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. తిడుతుందనుకున్నాను. తెరనే చూస్తూ, “అమ్మకి చెప్పకు. ఉండనీ,” అంది.

మధ్యాహ్నం అత్తయ్య వచ్చింది. చేతికి కట్టుతో, కుర్చీ చివర కూర్చుంది. నేను మీట నొక్కాను.

ఒకటిన్నర సెకన్ల దూకుడు పదిహేను సెకన్లు సాగుతుంది. ఆవిడ గాల్లోకి లేవడం, లేచిన చోట ఒక్క క్షణం బరువు లేకుండా ఉండిపోవడం, ఏదో జ్ఞాపకం వైపు తిరిగినట్టు నెమ్మదిగా తిరగడం. వేళ్ళు నీళ్ళని తాకాయి. నీళ్ళు దారిచ్చాయి. చేతులు, తల, నడుము, మోకాళ్ళు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి. చివరికి పాదాలు, ఒకే పాదమన్నంత కలిసి, దిగిపోయాయి.

“విడిపోలేదు,” అంది అత్తయ్య.

ఆవిడ కళ్ళు నిండిపోయాయి. మామగారు పోయినప్పుడు కూడా ఆవిడ ఏడవగా నేను చూడలేదు. ముఖం తుడుచుకుని కూతురి వైపు తిరిగింది.

“చూశావా? నీకు పదేళ్ళు నేను చెప్పింది ఇదే. దిగడమంటే అలా దిగాలి. దీనికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు.”

మా ఆవిడ తలూపింది. చెప్పేద్దామని నోరు తెరిచాను, ఆమె కళ్ళతోనే వద్దంది.

మళ్ళీ వెయ్యమంది అత్తయ్య. వేశాను. ఇంకోసారి అంది. మూడోసారి ఆవిడ మొహం మారింది. ఆపమంది. తెర దగ్గరికి వెళ్ళి, పాదాల మీద కాకుండా నీళ్ళ మీద వేలు పెట్టింది. కొలను పైకప్పులోని కిటికీల్లోంచి ఎండ దిగి, మేడ నీడ నీళ్ళలో పడుతుంది. తెర మూలలో ఆ నీడ అంచు కొంచెం కనబడుతోంది. రంగులు సరిచేసిన నేను దాన్ని పట్టించుకోనేలేదు.

“ఇది పొద్దుటి నీడ,” అంది. “సాయంత్రం ఈ పక్కన పడదు. ఇన్నేళ్ళూ ఈ నీడ చూసే టైము చెప్పుకున్నాను.”

ఇక దాచడానికేమీ లేదు. కార్డు సంగతి, బొటనవేలి సంగతి, ఆవిడ నీళ్ళలోంచి అడిగినప్పుడు ఆడిన అబద్ధం, అతికించిన ముక్క, ఒక్కొక్కటే చెప్పాను. నన్ను తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. అసలు ముక్క వెయ్యమంది. తన ఆకారం నీళ్ళకి జానెడు పైన ఆగిపోయిన బొమ్మని చాలాసేపు చూసింది. ఆ ముఖంలో ఉన్నది కోపం కాదు, ఇంటిదాకా వచ్చి తలుపు తియ్యలేనివాళ్ళ ముఖంలా ఉంది.

తర్వాత కూతురితో, నా వైపు చూడకుండా, “నువ్వు కొలను అంచునే కూచున్నావు. నువ్వు చూశావు,” అంది. “చెప్పు. నా పాదాలు విడిపోయాయా?”

నేను మా ఆవిడ వైపు చూశాను. ఒక్క మాట. అంతమంది చెప్పిన మాటే తనూ చెప్తే అయిపోతుంది. నిన్నటి తన దూకుడునే తల్లికి ఇచ్చేసిన మనిషి, ఒక మాట ఇవ్వలేదా అనుకున్నాను.

“విడిపోయాయమ్మా,” అంది.

“ఎంత?”

మా ఆవిడ రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టి చూపించింది. బెత్తెడు ఎడం. తల్లి చూస్తున్నా ఆ ఎడం తగ్గించలేదు.

అత్తయ్య ఆ చేతుల మధ్య ఖాళీని చూసింది. “అర మార్కుకి సరిగ్గా సరిపోతుంది,” అంది. “నలభై ఏళ్ళలో ఈ మాట నాకు చెప్పింది నువ్వొక్కదానివే. అందరూ నా మీద ప్రేమ కొద్దీ చెప్పకుండా ఉండిపోయారు.”

మా ఆవిడ ఏదో అనబోయింది. అత్తయ్య బాగున్న చేత్తో ఆపింది.

“ఆ పొద్దుటి పాదాలు నీవే కదూ?”

“నావే.”

“దానికి వంక పెట్టేవాడు పుట్టలేదన్నాను. నీవని తెలియకముందే అన్నాను. తెలిసి ఉంటే వంక వెతికి ఉండేదాన్నేమో. ఇప్పుడిక వెనక్కి తీసుకోలేను. తీసుకోను కూడా.”

మా ఆవిడ తల్లి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుంది. మొదట చప్పుడు లేకుండా ఏడ్చింది, తర్వాత పైకే ఏడ్చింది. అత్తయ్య కట్టు లేని చెయ్యి ఆమె జుట్టు మీద వేసి, అలాగే నిమురుతూ కూర్చుంది.