గాజు పళ్ళెంలో మందు

హిందూపురం డిగ్రీ కాలేజీలో సల్మా ముప్పావుగంట మాట్లాడింది. ఆ మాటల్లోంచి పేపరువాళ్ళు పట్టుకున్నది ఒకటే ముక్క.

సల్మా బెంగుళూరులో ఒక పరిశోధనాలయంలో నోటి క్యాన్సర్ కణాల మీద పని చేస్తోంది. ఒంట్లో ప్రతి కణంలోనూ అన్ని జన్యువులూ ఉంటాయి. ఏది ఎప్పుడు పని చేయాలో, ఏది ఊరకుండాలో చెప్పేవి కొన్ని ప్రోటీన్లు. అవి వచ్చి జన్యువు మీద కూర్చుంటాయి, పని కాగానే లేచిపోతాయి. నోటి క్యాన్సర్ కణాల్లో అలాంటి ప్రోటీన్ ఒకటి కూర్చున్న చోటు వదలడం లేదనీ, పెరగమని కణానికి అదే పనిగా చెబుతోందనీ సల్మా గమనించింది. ఒక రసాయనంతో దాన్ని అడ్డుకుంటే, గాజు పళ్ళెంలో పెంచిన కణాలు చాలావరకు చచ్చిపోయాయి.

"ఇది పళ్ళెంలో జరిగిన సంగతి. ఇంకా ఎలుకల్లో చూడాలి, ఆ తర్వాత మనుషుల్లో. ఏళ్ళు పడుతుంది. చివరికి పనికి రాకపోవచ్చు కూడా" అని ఆమె స్పష్టంగానే చెప్పింది.

మర్నాడు జిల్లా పేజీలో ఫోటోతో సహా వచ్చింది: 'నోటి క్యాన్సర్‌కు చెక్! ధర్మవరం బిడ్డ ఘనత. త్వరలోనే మందు.'

సల్మా ఆ విలేకరికి ఫోన్ చేసింది. అతని పేరు గిరి. చెడ్డవాడేం కాదు.

"మేడమ్, ప్రోటీన్ అని రాస్తే జనం గుడ్లూ పప్పులూ అనుకుంటారు. మీకు మంచి పేరొచ్చేటట్లే రాసినా గదా?" అన్నాడు.

"మందు వస్తుందని నేను అనలేదు. సవరణ వేయండి."

"వేస్తాం మేడమ్" అన్నాడు. వేయలేదు.

ధర్మవరంలో సల్మా నాయన మాబుసాబ్ మాత్రం ఆ పేపరు ముక్కను లామినేషన్ చేయించి వాకిలి ఎదురుగా గోడకు తగిలించాడు. చేనేత మగ్గాలకు జాకార్డు పెట్టెలు బిగించడం అతని పని. చీర అంచులో ఏ పోగు లేవాలో, ఏది అణగాలో చెప్పే చిల్లుల అట్టలు మార్చడానికి వీధివీధీ తిరుగుతాడు. ఆ రోజు కాలేజీలో ముందు వరసలో ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు. కూతురు చెప్పిందాంట్లో అతనికి తెలిసింది తక్కువ. పేపర్లో అచ్చయింది మాత్రం ప్రతి అక్షరమూ అర్థమైంది. అట్టలు మార్చడానికి వెళ్ళిన ఇంటల్లా చెప్పాడు.

పక్క వీధిలో ఓబులేసు ఉండేవాడు. అతనూ మాబుసాబూ ఇరవై ఏళ్ళ స్నేహితులు. మగ్గం గుంతలో కూర్చున్నంతసేపూ ఓబులేసు దవడలో పొగాకు ఉండాల్సిందే. లేకపోతే చెయ్యి ఆడదనేవాడు. ఆ దవడలోనే పుండు లేచి మానలేదు. బెంగుళూరు పెద్దాసుపత్రిలో ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సరే. ఇంకా చిన్నగానే ఉంది, కింది దవడ ఎముక కొంత తీసేస్తే బాగయ్యే అవకాశం ఎక్కువ అని డాక్టరు చెప్పి, ఆపరేషన్‌కు తేదీ ఇచ్చాడు. ఖర్చు సర్కారు కార్డు మీద పోతుంది. దుడ్ల బాధ లేదు. ఓబులేసుకు ఉన్నదల్లా భయమే.

పేపర్లో వార్త పడ్డ వారంలోనే, ఆదివారం సల్మా ఇంటికి వచ్చిందని తెలిసి, భార్య కృష్ణమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు.

"సల్మా పాపా, దవడ తీసేస్తే అన్నం ఎట్ల తినేది? నలుగురిలో మొగమెట్ల చూపించేది? నీ మందు ఎప్పుడొస్తాదో చెప్పు. అంతవరకూ కాసుకోనుంటా."

సల్మా అతని పక్కన కూర్చుంది. తెలిసేలా చెప్పాలనుకుంది. అతనికి తెలిసిన పనిలోంచే చెప్పింది.

"మామా, జాకార్డులో పోగులన్నీ ఉంటాయి గదా. ఏది లేవాలో అట్ట చెప్తాది. మన ఒంట్లో ఆ ప్రోటీన్లు అట్లాంటివే. నీ పుండులో ఒక అట్ట ఇరుక్కోనుండాది. ఒకే పోగు లేస్తానే ఉండాది."

ఓబులేసు ముఖం వెలిగింది. "అంతేనా? అయితే అట్ట మారిస్తే సరిపోతాది!"

"అది పళ్ళెంలో మార్చినాం మామా, మనిషిలో కాదు. మనిషిలో మార్చడం మాకు ఇంకా చేతకాదు. నేను చెప్పేదొకటే. ఆపరేషన్ తేదీ దాటనీయద్దు. నా మాట విను."

"వింటాలే పాపా" అన్నాడు. కృష్ణమ్మ కూడా తలూపింది. కానీ అతనికి వినబడింది అట్ట సంగతొకటే. ఇన్నాళ్ళూ ఆ జబ్బు అతనికి పేరు తప్ప రూపం లేని భూతం. ఇప్పుడది రోజూ చూసే అట్టంత చిన్నదైపోయింది. అట్ట ఇరుక్కుంటే మగ్గం కోసేసేవాళ్ళు ఎవరుంటారు?

సల్మా రైలెక్కిన మర్నాడు అతను మాబుసాబ్‌ను అడిగాడు.

"మాబన్నా, పాప ఒకటి చెప్తాంది, పేపర్లో ఇంకోటుండాది. ఏది నిజం?"

మాబుసాబ్ కాసేపు ఆలోచించాడు. "పెద్దోళ్ళ యవ్వారం గదప్పా. మందు బయటికి రాకముందే చెప్పగూడదేమో. నా బిడ్డ సంగతి నాకు తెలీదా? చిన్నప్పట్నుంచీ అంతే, ఫస్టొచ్చినా 'పాసయినా' అనే చెప్తాది. నాలుగు నెలలు ఓపిక పట్టు."

అబద్ధం చెబుతున్నానని అతను అనుకోలేదు. కూతురి గొప్పను కూతురికంటే తానే బాగా ఎరుగుదుననుకున్నాడు.

ఆపరేషన్ తేదీ వచ్చింది, పోయింది. కృష్ణమ్మ పోట్లాడింది, ఏడ్చింది, ఒకపూట అన్నం మానేసింది. ఓబులేసు కదల్లేదు. సల్మా ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతూనే ఉంది. "బాగుండాడులే" అనేవాడు మాబుసాబ్. ఆపరేషన్ అయిందా అంటే, "అంతా చూసుకుంటాండారు" అని మాట మార్చేవాడు. కూతురు కోప్పడుతుందని జంకాడు. ఈలోపు మందు వస్తుందని నమ్మాడు. సల్మా కూడా అంతకుమించి తరచి అడగలేదు. ల్యాబులో ఎలుకల పని మొదలైంది.

వేసవి మొదట్లో కృష్ణమ్మ ఫోన్ చేసింది. "అమ్మీ, ఆయన మగ్గం మీద కూర్చోలేక పెనుకొండలో మా అమ్మోళ్ళింటికి తెచ్చుకున్నా. మెడకాడ గడ్డ లేసింది. నీళ్ళు గూడా దిగడం లే. నీ మందు రెడీ కాలేదా? సగం రెడీ అయినదైనా ఈయగూడదా?"

సల్మాకు మొదట అర్థం కాలేదు. ఆపరేషన్ జరగనే లేదని అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే రైల్లో పెనుకొండలో దిగి వెళ్ళింది. ఓబులేసు వసారాలో మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. చెంపకు కట్టిన గుడ్డ తడిసిపోయింది. ఆమెను చూడగానే కళ్ళతో నవ్వాడు. అతని చూపు ఆమె ముఖం మీద నిలవలేదు. భుజానికున్న సంచి మీద ఆగింది. సంచిలో నీళ్ళ సీసా, ఒక చున్నీ తప్ప ఏమీ లేవు.

సల్మా మంచం పక్కన కింద కూర్చుంది. "మామా, నా దగ్గర మందు లేదు. ఎప్పుడూ లేదు" అంది.

అతను విన్నాడు. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

అప్పుడు కృష్ణమ్మ చెప్పింది, మాబుసాబ్ ఏమన్నాడో, ఎన్నిసార్లన్నాడో.

ఆ సాయంత్రమే సల్మా కారు మాట్లాడి ఓబులేసును బెంగుళూరు తీసుకెళ్ళింది. అప్పట్లో తేదీ ఇచ్చిన డాక్టరే చూశాడు. "ఇప్పుడు కోయడానికి లేదు. నొప్పికి మందులిస్తాను" అన్నాడు. వానలు పడకముందే ఓబులేసు పెనుకొండలో చనిపోయాడు.

మాబుసాబ్ పూలదండ పట్టుకుని వచ్చాడు, సల్మా వెనకే. కృష్ణమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

"మాబన్నా, నువ్వు ఆయన్ని చూసిపో. స్నేహితునివి, వద్దనను. మళ్ళా మాత్రం నా గడప తొక్కద్దు." సల్మా వైపు తిరిగింది. "నువ్వు సరిగ్గానే చెప్పినావమ్మీ. నాకు తెలుసు, నేనూ ఆడనే ఉంటి గదా. అయినా నీ మొగం చూడలేకపోతాండా."

తిరుగు రైల్లో తండ్రీ కూతురూ ఎదురెదురుగా కూర్చున్నారు. ధర్మవరం దగ్గర పడుతుండగా సల్మా అడిగింది.

"నేనంత చెప్పినా ఎందుకట్ల చెప్పినావు నాయనా?"

"నువ్వు చెప్పింది నాకు తెలీలేదు. పేపర్లో రాసింది తెలిసింది" అన్నాడు. మళ్ళీ తనే, "నా బిడ్డకు చేతకాదని ఎట్ల చెప్పేది?" అన్నాడు.



చలికాలానికి ఎలుకల ఫలితాలు వచ్చాయి. మందు మొదట్లో బాగా పనిచేసింది. గడ్డలు కుంచించుకుపోయాయి. తర్వాత మళ్ళీ పెరిగాయి. అడ్డుకున్న ప్రోటీన్ స్థానంలోకి దాని జాతిదే ఇంకొకటి వచ్చి కూర్చుని, అదే ఆజ్ఞ ఇవ్వడం మొదలుపెట్టింది. సల్మా పని మళ్ళీ మొదటికొచ్చింది. ఆ వారం ఫోన్లో తండ్రికి ఆ సంగతి చెప్పింది. ఈసారి అట్టలూ పోగులూ తేలేదు. పనిచేయలేదు అని ఒక్క మాటే చెప్పింది.

అవతల మాబుసాబ్ గొంతులో ఏదో చిన్న ఆశలాంటిది వినిపించింది.

"అంటే, ఆ మందు వచ్చినా ఓబులేసు బతికేటోడు కాదు గదా?"

అతనికి ఏం కావాలో సల్మాకు తెలుసు. ఇవ్వడం ఆమెకు చేతకాలేదు.

"మందుతో బతికేటోడు కాదు నాయనా. ఆపరేషన్ చేసుకునింటే బతికేటోడు."

"ఊఁ" అన్నాడు మాబుసాబ్. "ఉంటా మరి."

ఆ తర్వాత కూతురు ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే, బెంగుళూరులో ఏదో ఉద్యోగం అని చెప్పేవాడు.