రోగి సేవలో మూడేళ్ల అనుభవం

కిల్లో సోని పెదలంగిడి ఆసుపత్రిలో చేరి ఆరేళ్లయింది. చేరింది వార్డులు ఊడ్చి తుడిచే పనికి. అరకులో జువాలజీతో బీఎస్సీ పాసైన పిల్ల చీపురు పట్టుకోవడమేమిటని ఊళ్లో అనేవాళ్లు అన్నారు గానీ, ఆ ఏడాది ఆసుపత్రిలో ఖాళీ ఉన్నది ఆ పని ఒక్కటే. చేరిన పది పన్నెండు రోజులకు కొండ మీది నుంచి ఒక ముసలామె వచ్చింది. డాక్టరు ఏమడిగినా కువి భాషలోనే జవాబిస్తోంది. ఆయన తల పట్టుకున్నాడు. సోని ఇంట్లో మాట్లాడుకునేది కూడా కువే. బకెట్టు పక్కన పెట్టి, ముసలామె చెబుతున్నది తెలుగులో చెప్పింది.

అంతే, ఆ రోజు నుంచి ఆమెకు రెండు పనులయ్యాయి. ఓపీలో, కాన్పుల గదిలో, పిల్లల వార్డులో ఎక్కడ మాట తెగిపోయినా "సోనీ" అని కేక. చీపురు గోడకు ఆనించి పరుగెత్తడం, చెప్పాల్సింది చెప్పి, అడగాల్సింది అడిగి మళ్లీ చీపురు అందుకోవడం. సాయంత్రానికి గొంతు ఎండిపోయేది. ఊడవాల్సిన గదులు మాత్రం ఊడవాల్సినట్టే ఉండేవి.

నర్సింగు చదవాలన్న కోరిక ఆ వార్డుల్లోనే పుట్టింది. రెండేళ్లు వరసగా ప్రవేశ పరీక్ష రాసింది. డ్యూటీ దిగి ఇంటికి పోయి పుస్తకం తెరిస్తే రెండు పేజీలు తిరగకముందే కళ్లు మూతపడేవి. రెండుసార్లూ సీటుకు చాలని ర్యాంకే వచ్చింది. మూడోసారి రాయనని అమ్మతో చెప్పేసింది.

అలాంటి రోజుల్లో హెడ్డు నర్సు క్యాథరిన్ ఒక కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. క్యాథరిన్ భీమిలి వైపు మనిషి. ముప్పయ్యేళ్లుగా కొండ ఆసుపత్రుల్లోనే చేసింది.

"ఇది సదువు. విశాఖలో మిషనోళ్ల కాలేజీ. డిగ్రీ అయిపోయినోళ్లకి ఆరు సీట్లు ఇడిగా పెట్టారు. పరీక్ష లేదు. ఫీజూ హాస్టలూ ఆళ్లదే. సదువయ్యాక మూడేళ్లు కొండల్లో పనిచెయ్యాల."

"ఆరు సీట్లకి ఎంతమంది పెడతారు సిస్టరు?"

"నాలుగొందలో, అయిదొందలో. అయితే ఏటి? నువ్వు పెట్టకపోతే ఒకళ్లు తగ్గుతారు, అంతే."

సోని కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. సంతోషించే ఓపిక కూడా లేదామెకు. ఇంకో అప్లికేషను, ఇంకో ఆరు జిరాక్సులు అనుకుంది.

జిరాక్సులు తేలికే అయ్యాయి. అడ్డం పడింది ఒకే ఒక్క గడి. 'రోగి సేవలో కనీసం మూడేళ్ల అనుభవం. పనిచేసిన సంస్థ నుంచి ధ్రువపత్రం జతచేయాలి.'

ఆమెకు జీతమిచ్చేది ఆసుపత్రి కాదు, పనివాళ్లను పెట్టే కాంట్రాక్టరు. అతని సూపర్‌వైజరు మల్లేశు మంగళవారం మంగళవారం హాజరు పుస్తకం పట్టుకుని వస్తాడు. సోని అడిగింది విని అతను పుస్తకం తిప్పి ఆమె పేరు చూపించాడు. పేరు పక్కన 'పారిశుద్ధ్య కార్మికురాలు' అని ఉంది.

"ఇదే రాసిస్తానమ్మా. ఆరేళ్లు బాగా పనిచేసిందని కూడా రాస్తాను. రోగుల పని సేసిందని రాత్తే రేపు నన్ను పీకేత్తారు."

"నాను సేత్తన్నది నీకు తెలుసు గదన్నా."

"నాకు తెలుసు. పుస్తకానికి తెలీదు గదా."

అతనూ పొద్దున్నుంచీ మూడు ఆసుపత్రులు బండి మీద తిరిగి వచ్చినవాడే. సోనికి అతని మీద కోపం రాలేదు. సూపరింటెండెంటు ప్రసాద్ గారి గదికి వెళ్లింది.

డాక్టరు ప్రసాద్ ఆమె చెప్పింది అంతా విన్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నీ మీద నమ్మకం లేక కాదమ్మా. ఈ ఆసుపత్రిలో దుబాసీ అనే పోస్టే లేదు. లేని పోస్టులో నువ్వు పనిచేశావని నేను సంతకం పెట్టి ఎలా ఇస్తాను? ఆడిటు వాళ్లు అడిగితే ఏం చెప్పను?"

"సరే సారు."

ఆమె గుమ్మం దాటుతుండగా ఆయనే మళ్లీ పిలిచాడు. "సోనీ, మూడో బెడ్డు ఆవిడ పొద్దున్న మాత్ర వేసుకుందో లేదో కనుక్కో. ఎంతడిగినా నవ్వుతోంది తప్ప చెప్పడం లేదు."

సోని వెళ్లి కనుక్కుంది. వేసుకోలేదు. మాత్ర నీళ్లలో కలిపి తాగించి వచ్చి చెప్పింది.

సంగతి క్యాథరిన్‌కి తెలిసింది. తెల్ల కాగితం ఒకటి తీసి, స్టూలు మీద కూర్చుని రాసింది. కిల్లో సోని తన కళ్ల ముందు ఆరేళ్లుగా రోగులకూ డాక్టర్లకూ మధ్య మాట చేరవేస్తోందని, కాన్పుల్లో తోడుందని రాసి, కింద తన నర్సు రిజిస్ట్రేషను నంబరు వేసింది. "నాకు ముద్ర లేదు, వెయ్యడానికి. రెండూ పెట్టు. మల్లేశు ఇచ్చిందీ, నానిచ్చిందీ," అంది.

ఇక మిగిలింది ఒక పేజీ. నర్సు కావాలని ఎందుకు అనుకుంటున్నారో సొంత దస్తూరీతో రాయమన్నారు. ఆ వారమంతా తోటి పనామె జ్వరంతో రాలేదు. ఆమె వార్డులు కూడా సోని మీద పడ్డాయి. రేపు పోస్టు చేయకపోతే గడువు దాటిపోతుందనగా, ఆదివారం మధ్యాహ్నం బట్టలుతికే అరుగు మీద కూర్చుని రాసింది. ఏడింటికి వస్తాననీ, ఏ గదులు ఊడుస్తాననీ, ఎవరు పిలిస్తే ఎవరి దగ్గరికి వెళ్తాననీ రాసింది. సగం పేజీకి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఇంకేం రాయాలో తోచలేదు. సంతకం పెట్టి కవరు అంటించేసింది.

ఇంటర్వ్యూకి నలభై మందిని పిలిచారు. వాళ్లలో తన పేరుందని ఫోనులో చూసినప్పుడు పొరపాటున వచ్చిందేమో అనుకుంది. సెలవు పెట్టుకుని ముందు రోజే విశాఖ వెళ్లి, ఊరి పాస్టరమ్మ చెల్లెలింట్లో పడుకుని పొద్దున్నే కాలేజీకి చేరింది. వరండాలో కుర్చీల నిండా అమ్మాయిలు, ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల వాళ్లు. ప్లాస్టిక్ ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని పెదవులు కదుపుతూ ఏదో వల్లె వేసుకుంటున్నారు. ఇరవై ఎనిమిదేళ్ల సోని గోడవార కుర్చీలో కూర్చుంది. ఫ్యాను గాలికి కునుకు పట్టేస్తుందని భయమేసి లేచి నిలబడింది.

లోపల ముగ్గురున్నారు. మధ్యలో ప్రిన్సిపాల్ లిదియా గారు, ఒక పక్క తెల్లజుట్టు డాక్టరు, ఇంకో పక్క ఫైళ్లు అందిస్తున్న మేడమొకరు. లిదియా గారి ముందు సోని రాసిన కాగితం ఉంది.

"అర పేజీయే రాశారేం?"

"అప్పుడు అంతే ఓపికుందండి."

పక్కనున్న మేడం తలెత్తి చూసింది. తెల్లజుట్టు డాక్టరు రెండు ధ్రువపత్రాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు.

"ఒకటేమో ఊడుస్తారంటోంది. ఇంకోటి మాట చేరవేస్తారంటోంది. ఏది నిజం?"

"రెండూనండి."

"మరి మాట చేరవేయడంలో ఎప్పుడైనా తప్పు చేశారా?"

సోని ఒళ్లో చేతులు చూసుకుంది. లేదండి అనవచ్చు. వీళ్లకు తెలిసే దారి లేదు. చేసిన ఆ ఒక్క తప్పు క్యాథరిన్‌కీ, ఆ రోగికీ తప్ప ఎవరికీ తెలియదు. కానీ లేదని చెప్పి, ఆ తర్వాత దానికి తగ్గట్టు ఇంకో నాలుగు మాటలు కూర్చుకోవాలంటేనే నీరసం వచ్చింది.

"చేశానండి," అంది. "పోయిన వానాకాలం. చిన్నమ్మలు అని ఒకావిడ, మా అవతలి కొండ మనిషి. కడుపులో నొప్పని వచ్చింది. కొత్తగా వచ్చిన డాక్టరు బాబు ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచని అడిగారు. కడుపులో, నిన్నటి నుంచని నాను చెప్పాను. ఆయన గ్యాసు మాత్రలు రాశారు."

"అది తప్పెలా అవుతుంది?"

"ఆవిడ ఇంకో మాట కూడా అందండి. భుజం లాగేత్తందని. ఆ మాట నాను చెప్పలేదు."

తెల్లజుట్టు డాక్టరు కలం కింద పెట్టాడు. "ఎందుకు చెప్పలేదు?"

"కట్టెలు మోసే మనిషి గదండి. మా వైపు భుజం నొప్పి లేని ఆడమనిషి ఉండదు. కడుపు నొప్పికీ దానికీ సంబంధం లేదనుకున్నాను. లైన్లో ఇంకా ఇరవై మంది ఉన్నారు. నానూ అలిసిపోయున్నాను. మర్నాడు ఆవిడకి తెలివి లేకుండా మోసుకొచ్చారు. గర్భం ట్యూబులో నిలిచి పగిలిపోయిందంట. కడుపు నిండా రక్తం. ఇక్కడికి పంపితే ఆపరేషను చేసి బతికించారు. అలా లోపల రక్తం చేరితే భుజంలో నొప్పి తెలుస్తాదని మా సిస్టరు తర్వాత చెప్పింది. నాకు తెలీదండి."

మొదలెట్టింది కాబట్టి సోని మిగతాది కూడా చెప్పేసింది.

"ఆ బాబు ఏటి అడుగుతున్నారో నాకు తెలుసండి. ఎందుకు అడుగుతున్నారో తెలీదు. అది తెలిస్తే ఆ మాట వదిలేదాన్ని కాదు. ఇంకో రెండు మాటలు నానే అడిగేదాన్ని."

"ఆవిణ్ణి మళ్లీ చూశారా?" అని లిదియా గారు అడిగారు.

"చూశానండి. ఇంటికెళ్లి చెప్పాను, నీ మాట నానే వదిలేశానని."

"ఏమంది?"

"అంబలి పోసి ఇచ్చిందండి."

లిదియా గారు కాగితం మడిచి ఫైల్లో పెట్టి, "సరేనమ్మా, వెళ్లండి," అన్నారు.

వెనక్కి వచ్చేటప్పుడు రైల్లో దారంతా సోని తనను తాను తిట్టుకుంది. తర్వాత అదీ విసుగనిపించి మానేసింది. పది రోజులకు జాబితా వచ్చింది. ఆరు పేర్లలో ఆమెది లేదు. వెయిటింగు లిస్టులో రెండో పేరు ఆమెది. క్యాథరిన్ దగ్గరకు వెళ్లి ఫోను చూపించింది.

"రెండోదంటే రాదు సిస్టరు. ఇద్దరు మానెయ్యాలి. ఎవులు మానేస్తారు?"

"నిజమే," అంది క్యాథరిన్. ఓదార్చే మాటలు ఆమెకు చేతకావు. "పద, కాన్పుల గదిలో పిలుత్తన్నారు."

క్లాసులు మొదలైపోయాయని తెలిసింది. వానలు బాగా పడ్డాయి, మలేరియా జ్వరాలతో వార్డులు నిండాయి. రెండేసి మంచాల మధ్య చాపలు వేశారు. సోని ఆ కాలేజీ మాటే మరిచిపోయింది. సరిగ్గా చెప్పాలంటే, గుర్తు పెట్టుకునే తీరిక దొరకలేదు. అందుకే ఒక గురువారం పదకొండింటప్పుడు ఫోను మోగితే, నేల తుడుస్తున్న గుడ్డ వదలకుండానే ఎత్తింది.

కాలేజీ ఆఫీసు నుంచి. ఒకమ్మాయికి వేరేచోట సర్కారు సీటు వచ్చిందట. ఇంకో అమ్మాయి వారం ఉండి ఇంటికి వెళ్లిపోయిందట. సోమవారం లోపల అసలు సర్టిఫికెట్లతో వచ్చి చేరతారా, లేక తర్వాతి పేరును పిలవమంటారా అని అడిగారు.

"వస్తానండి," అంది సోని. ఫోను పెట్టేసి, తుడుస్తున్న గది చివరిదాకా తుడిచింది.

ఆ సాయంత్రం డాక్టరు ప్రసాద్‌కి చెప్పింది. ఆయన నిజంగానే సంతోషించాడు. తర్వాత కిటికీలోంచి ఓపీ ముందు కూర్చున్న జనాన్ని చూసి, "మరి నువ్వు వెళ్లాక వీళ్లతో ఎవరు మాట్లాడతారు?" అన్నాడు.

సోనికి నాలుగు రోజులుగా కదలలేక పడుకున్న పిల్లవాడి తల్లి గుర్తొచ్చింది. ఆమె వేరెవరితోనూ మాట్లాడదు.

"దిగువ పల్లె ఆశా వర్కరు రత్నకి కువి వచ్చు సారు. బాగా తెలివైంది. కానీ ఊడవమని మాత్రం అడక్కండి," అంది.

ఆయన చీటీ మీద రత్న పేరు రాసుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం రైలుకి తల్లి యర్రమ్మ అరకు స్టేషను దాకా వచ్చింది. సంచిలో అంబలికి చోడిపిండి, మిరియాలు, కొత్త తువ్వాలు పెట్టింది. కూతురి కన్నా ఎక్కువ అలసిపోయినట్టు బెంచీ మీద కూలబడింది. కాఫీ తోటలో కలుపు పని నుంచి నేరుగా వచ్చింది మరి.

"నాలుగేళ్లా?" అంది తమ భాషలో.

"నాలుగేళ్లే."

"అదంతా ఇంగిలీషంట గదే. నీకొచ్చా?"

"సగం వచ్చు. మిగతాది నేర్చుకోవాల."

"ముందు కడుపునిండా నిద్రపో, తర్వాత నేర్చుకుందువు గాని. ఆ మొకం సూడు, ఎలా అయిపోయిందో."

సోనికి నవ్వొచ్చింది. రైలు వచ్చింది. సంచి పైకి అందించి, రైలు కదిలాక అమ్మ కిటికీ చువ్వ పట్టుకుని నాలుగడుగులు నడిచి ఆగిపోయింది.

అప్పటికే నెల రోజుల పాఠాలు వెనకబడి ఉంది. క్యాథరిన్ ఇచ్చిన పాత అనాటమీ పుస్తకం దారిలో చదవాలని పైనే పెట్టుకుంది. మొదటి పేజీ తెరిచింది. ఎముకల పేర్లు. బొర్రా దాటకముందే పుస్తకం ఒళ్లోకి జారింది. సొరంగాల్లోకి రైలు వెళుతున్నప్పుడు పిల్లలు అరుస్తున్నా ఆమెకు మెలకువ రాలేదు. శృంగవరపుకోటలో ఎక్కిన ఒకావిడ చోటు కోసం భుజం తట్టి, "ఎంతవరకమ్మా?" అంది.

"విశాఖ," అని కాస్త జరిగి కూర్చుంది సోని. కిటికీకి తల ఆనించి మళ్లీ కళ్లు మూసుకుంది.