మంచి గడ్డే

ఆ లోయలో మెడ మీద గడ్డ ఉంటే ఎవరూ రెండోసారి చూడరు. బుర్గీ వాళ్ళ నాయనమ్మకి కోడిగుడ్డంత ఉండేది. దాని మీద నల్ల మఖమల్ పట్టీ కట్టి, వెండి బిళ్ళ పెట్టుకుని పెళ్ళికూతురిలా చర్చికి నడిచేది. తొంభై ఏళ్ళు బతికి నిద్రలో పోయింది. అందుకే తన మెడలో చిక్కుడు గింజంత గడ్డ చేతికి తగిలినప్పుడు బుర్గీ "మా ఇంటి ఆస్తి, నా వాటా నాకొచ్చింది" అని నవ్వి ఊరుకుంది. ఊరుకుని ఊరుకుని అది అక్రోటు కాయంత అయ్యేదాకా ఊరుకుంది. ఆ కొండవాళ్ళ బుద్ధే అంత!

తమ్ముడి పెళ్ళాం ఫ్రోనీ పోరు పడలేక చివరికి పట్నం ఆస్పత్రికి వెళ్ళింది. స్కానింగ్ తీశారు. సూది గుచ్చారు. చాలలేదని మళ్ళీ గుచ్చారు. ప్రతిసారీ కొండ దిగడం, బస్సెక్కడం, వరండాలో పడిగాపులు, మళ్ళీ కొండెక్కడం. తల ప్రాణం తోకకొచ్చింది.

"మంచిదో చెడ్డదో ఒక్క మాట చెప్పండి డాక్టరమ్మా" అంది.

డాక్టర్ మోజర్ కళ్ళద్దాలు తీసి కళ్ళు నులుముకుంది. పొద్దుటినుంచీ మెడలు చూసి చూసి ఆవిడా అలిసిపోయే ఉంది. "చెప్పలేనమ్మా. ఈ రకం గడ్డ చెడ్డదైతే చుట్టూ ఉన్న పొరని చీల్చుకుని బయటికి పాకుతుంది. సూదికి నాలుగు కణాలు దొరుకుతాయి గానీ పొర దొరకదు. తీసి, కోసి చూస్తేనే తెలిసేది."

"అంటే, మంచిదైనా కొయ్యాల్సిందేనా?"

"మంచిదని తెలియడానికే కొయ్యాలి."

"బాగుంది వరస! గోడ మీద పిల్లిలా ఇదేం రిపోర్టండీ!"

"ఇంకోటి కూడా ఉంది. గొంతు నరం ఆ గడ్డ వెనకనుంచే పోతుంది. నూటికి ఒకరిద్దరికి గొంతు పోతుంది. మీరేం పని చేస్తారు?"

"ఎండాకాలమంతా కొండ మీద ఆవుల్ని మేపుతాను. సాయంత్రం వాటిని గొంతెత్తి పిలుస్తాను."

డాక్టరమ్మ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని ఆ మాట చీటీలో రాసుకుంది.

ఆ పిలుపొక్కటే బుర్గీది. ఇల్లు తమ్ముడిది, ఆవులు తమ్ముడివి, పెళ్ళా పెటాకులా, ఏదీ లేదు. కానీ సాయంత్రం కొండ మీది గుడిసె గడప మీద నిలబడి గొంతెత్తితే, ఎంత పొగమంచులోనైనా గట్టు అవతల ఆవుల మెడ గంటలు కదిలేవి. లోయ మొత్తంలో అలా పిలిచే మనిషి ఇంకొకరు లేరు.

"ప్రాణం కన్నా గొంతెక్కువా అక్కా?" అన్నాడు తమ్ముడు లోయిస్.

"నీకేం రా! నా మాటకి ఆవులొస్తాయి. నీ మాటకి నీ పెళ్ళామే రాదు."

ఫ్రోనీ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "చెడ్డదైతే ఎలా వదినా?"

బుర్గీకి ధైర్యం వచ్చి ఒప్పుకోలేదు. విసుగొచ్చి ఒప్పుకుంది. "కోసెయ్యమను. ఈ తెలీకపోవడం నేనింక మొయ్యలేను" అంది.

చలికాలం చివర్లో ఆపరేషనైంది. "మంచి గడ్డే! పొర ఎక్కడా చిరగలేదు" అంది డాక్టరమ్మ. లోయిస్ గంతులేశాడు, ఇంట్లో కాచిన పళ్ళసారా సీసా తెరిచాడు. బుర్గీ ఏదో అనబోయి నోరు తెరిచింది. గాలే వచ్చింది, మాట రాలేదు. నెమ్మదిగా వస్తుందిలే అన్నారు ఆస్పత్రిలో. వేసవొచ్చింది గానీ గొంతు రాలేదు.

కొండెక్కిన మొదటి సాయంత్రం బుర్గీ గడప మీద నిలబడి పిలిచింది. చిరిగిన తిత్తిలోంచి గాలి పోయినట్టుంది. ఆవులు తలెత్తలేదు. ఈసారి తోడుగా కొండెక్కిన ఫ్రోనీ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, వచ్చీరాని రాగంలో పిలిచింది. ఒక గంట మోగింది. కాసేపటికి మందంతా వచ్చేసింది.

బుర్గీ గడప మీదే కూలబడింది. ఫ్రోనీ పక్కన కూర్చుని, "మంచి గడ్డని తేలింది కదా వదినా, ప్రాణం దక్కింది కదా" అంది.

బుర్గీ ఆమెని దగ్గరికి లాక్కుని చెవిలో అంది. "చెడ్డదైనా బాగుండేదే. గొంతు దేనికిచ్చానో చెప్పుకోడానికైనా ఉండేది."

"నోర్ముయ్ వదినా!" అని అరిచింది ఫ్రోనీ. అరిచి, తానేమందో తెలిసి బావురుమంది.

ఆవులు పాలకి నిలబడి ఉన్నాయి. బుర్గీ ఆమె వీపు నిమిరి, లేచి బకెట్ అందుకుంది.